చెక్కనేల కింద అలారం కేబుల్

మన ఊళ్లలో వైరింగ్ అంటే గోడకు గాడి కొట్టి పైపు పెట్టడం, లేదా శ్లాబు పోసేటప్పుడే పైపులు పరిచేయడం. బ్రిటన్‌లో పాత ఇల్లు కొనుక్కుని దొంగల అలారం పెట్టుకోవాలనుకునే తెలుగువారికి ఈ అనుభవం పెద్దగా అక్కరకు రాదు. అక్కడ విక్టోరియా కాలంలో, అంటే 1837 నుంచి 1901 దాకా కట్టిన చాలా ఇళ్లలో నేల కింద ఖాళీ ఉంటుంది. గోడ నుంచి గోడకు వరసగా దూలాలు వేసి, వాటి మీద చెక్కపలకలు పరిచి మేకులు కొట్టారు. అక్కడివాళ్లు ఈ దూలాలను జాయిస్టులంటారు. కేబుల్‌కు దారి ఆ దూలాల మధ్య ఉంది.

ఆ ఖాళీని గాలి కోసం వదిలారు. కింది అంతస్తులో మట్టిలోంచి వచ్చే చెమ్మ చెక్కకు పట్టకుండా, బయటి గోడల అడుగున చిల్లుల ఇటుకలు పెట్టారు. పెరట్లోని షెడ్డుకు కేబుల్ తీసుకెళ్లడానికి ఆ చిల్లులు సిద్ధంగా కనిపిస్తాయి. వాటిలోంచి కేబుల్ లాగి చుట్టూ ఫోమ్ నింపితే గాలి ఆగిపోతుంది, గోడలో దిగిన దూలాల మొనలు చివికిపోతాయి. కేబుల్‌కు వేరే చిల్లు వేసుకోవాలి.

కేబుల్ సంగతి. కదలికను పసిగట్టే పెట్టెకు సాధారణంగా ఆరు తీగల కేబుల్ వేస్తారు. మొత్తం మందం పెన్సిల్ కంటే తక్కువ. రెండు తీగలు 12 వోల్టుల కరెంటుకు, రెండు అలారం సంకేతానికి, మిగిలిన రెండు ఎవరైనా పెట్టె మూత తీసినా, కేబుల్ కోసినా పట్టుకోవడానికి. తలుపుకు పెట్టే అయస్కాంతపు స్విచ్చిలో తలుపు మూసి ఉన్నంతసేపూ సర్క్యూట్ కలిసే ఉంటుంది, తెగితేనే గంట. 1853లో అమెరికాలో ఆగస్టస్ పోప్ పేటెంట్ తీసుకున్న విద్యుత్ అలారం దీనికి తలకిందులు. అందులో తలుపు తెరిస్తే సర్క్యూట్ కలిసి గంట మోగేది. తీగ ముందే తెగి ఉంటే మోగేది కాదు. ఇప్పటి పద్ధతిలో దొంగ తీగ కోసినా అలారం మోగుతుంది, మన మేకు దిగి తీగ తెగినా మోగుతుంది. అర్ధరాత్రి మోగిన గంటకు కారణం కార్పెట్ కింద, పలక కింద ఎక్కడో ఉంటే వెతకడం ఎంత కష్టమో ఊహించుకోండి. కేబుల్ ఎక్కడ పోతుందన్నది అందుకే ముఖ్యం.

పని మొదలెట్టే ముందు నేలను చదవాలి. పలకలు దూలాలకు అడ్డంగా ఉంటాయి కాబట్టి మేకుల తలలు వరసలుగా కనిపిస్తాయి. ఒక్కో వరస కింద ఒక్కో దూలం. రెండు దూలాల మధ్య దాదాపు 40 సెంటీమీటర్లు. దూలాల వెంబడి కేబుల్ పోనిస్తే చెక్కను ముట్టుకోనక్కర్లేదు. ఇటు ఒక పలక, అటు ఒక పలక లేపి, సన్నని ఫైబర్ కడ్డీ తోసి, దాని కొసకు కేబుల్ కట్టి లాగితే చాలు. అడ్డంగా దాటాల్సిన చోటే దూలానికి చిల్లు పడుతుంది. దారి గీసుకునేటప్పుడు ఈ అడ్డదాట్లను వీలైనంత తగ్గించుకోవాలి.

పలక లేపడంలో తొందర పనికిరాదు. ఇదివరకు ఎవరో లేపిన పలక ఏదో ఒకటి ఉంటుంది: దూలం మీద కోసిన మొన, మేకుకు బదులు స్క్రూ. దాంతోనే మొదలుపెట్టాలి. వెడల్పాటి ఉలిని మేకుకు దగ్గరగా దూర్చి, కొంచెం లేపి, పక్క మేకు దగ్గరికి జరగాలి. రంపం వేయక తప్పకపోతే దాని లోతు పలక మందానికి మించకూడదు, ఎందుకంటే నీళ్ల గొట్టాలు, గ్యాసు గొట్టాలు, 230 వోల్టుల కరెంటు కేబుళ్లు పలకకు ఆనుకునే ఉండవచ్చు. కోసేముందు మెయిన్ స్విచ్ ఆపాలి. మేడమీద గదిలోనైతే కాలు దూలం మీదే పెట్టాలి. దూలాల మధ్య కనిపించేది కింది గది కప్పు: సన్నని బద్దల మీద మెత్తిన గార. అది మనిషి బరువు ఆపదు.

దూలానికి ఎక్కడ చిల్లు వేయాలన్న సంగతి కాస్త నిదానంగా చూద్దాం. బరువు పడ్డప్పుడు దూలం రవ్వంత వంగుతుంది. పైపొర నొక్కుకుంటుంది, కిందిపొర సాగుతుంది. సరిగ్గా నడుమ ఉన్న పొర నొక్కుకోదు, సాగదు. వంపును తట్టుకునే పనిలో దాని పాత్ర స్వల్పం కాబట్టి చిల్లు అక్కడే వేయాలి. 175 మిల్లీమీటర్ల ఎత్తున్న దూలానికి నడుమ 12 మిల్లీమీటర్ల చిల్లు వేస్తే ఆ చోట తగ్గే బలం పదివేలలో మూడు వంతులు. అదే దూలానికి పైనుంచి 25 మిల్లీమీటర్ల గాడి కొడితే, బలం ఎత్తు వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి, ఆ చోట నాలుగో వంతు పైగా పోతుంది.

బ్రిటన్‌లో పాటించే కొలతలు ఈ లెక్కకు అనుగుణంగానే ఉన్నాయి. చిల్లు వ్యాసం దూలం ఎత్తులో నాలుగో వంతు దాటకూడదు. అది గోడ నుంచి లెక్కిస్తే దూలం పొడవులో 25 నుంచి 40 శాతం దూరంలో పడాలి. పొడవు మూడున్నర మీటర్లైతే 875 నుంచి 1400 మిల్లీమీటర్ల మధ్య. గోడకు మరీ దగ్గరైతే అక్కడ దూలాన్ని నిలువునా కోసేలా పడే ఒత్తిడి ఎక్కువ, దూలం నట్టనడుమ వంపు ఎక్కువ. కేబుల్ దూలం పైఅంచుకు, కింది అంచుకు కనీసం 50 మిల్లీమీటర్ల దూరంలో ఉండాలన్నది మరో నియమం. పలక దాటి దిగే మేకు అంత లోతుకు రాదు.

నేను చూసిన ఒక ఇంట్లో మేడమీద పడగ్గదిలో నడిస్తే బీరువా అద్దం గలగలమనేది. పలకలు లేపితే వరసగా మూడు దూలాలకు నట్టనడుమ, పైనుంచి 50 మిల్లీమీటర్ల గాడులు, వాటిలో హీటర్ గొట్టాలు. దూలాల ఎత్తు 175. లెక్క వేస్తే ఆ చోట బలం సగమే మిగిలింది. ఎప్పుడో ఎవరో ఒక పూట పని సులువు చేసుకున్నారు. ఆ గదిలో పడుకునేవాళ్లకు ఆ సంగతి తెలియదు. మన కేబుల్‌కు అంత గాడి ఎన్నడూ అక్కర్లేదు, సన్నని చిల్లు చాలు.

కరెంటు కేబుల్‌తో అలారం కేబుల్‌ను ఒకే చిల్లులోంచి పోనివ్వకూడదు, పక్కపక్కనే కట్టకూడదు. దాటక తప్పని చోట అడ్డంగా దాటించాలి. నేల కింద థర్మోకోల్ పరిచి ఉంటే కేబుల్ దానికి తగలకుండా చూడాలి. తగిలితే కేబుల్ పైతొడుగును మెత్తగా ఉంచే పదార్థం కాలక్రమేణా అందులోకి పోయి తొడుగు పెళుసెక్కుతుంది.

పలక మూసేముందు అవతలి కొసన రెండు తీగలు కలిపి, ఇవతల మీటరుతో కొలవాలి. మామూలు అలారం కేబుల్ 20 మీటర్లకు సుమారు మూడు ఓంలు చూపిస్తుంది. ఐదు దగ్గరికి పోతే అది అసలు రాగి కాక, అల్యూమినియానికి రాగి పూసిన తీగ కావచ్చు. అసలు చూపించకపోతే ఎక్కడో తెగింది. ఫొటో తీసుకుని, కేబుల్ ఎటు పోతుందో పలక అడుగున పెన్సిల్‌తో బాణం గీసి, పాత మేకులు పక్కన పెట్టి స్క్రూలు బిగించాలి. తర్వాత ఆ పలక లేపేవారికి ఉలి అవసరం పడదు.