కనుమల కప్ప: దిక్కులు, చుట్టరికము

మదురకు నైరృతిమూల నున్న రాజపాళయము తెలుగు రాజుల ఊరు. దాని పొరుగుననే శ్రీవిల్లిపుత్తూరు. ఆ ప్రాంతపు పడమటి కనుమల తూర్పువాలునందలి యొక కప్పను 2017లో క్రొత్తజాతిగా వర్ణించి, కోయంబత్తూరు సలీం అలీ కేంద్రమున సరీసృపములను, కప్పలను పరిశోధించిన ఎస్. భూపతి పేర ‘నాసికాబట్రాకస్ భూపతి’ యనిరి.

దీని తోకకప్పలు కొండయేటి నిలువురాళ్లను నోటితో కరచుకొని యుండును. అచ్చట ‘పైన’, ‘క్రింద’ యను మాటలు చెల్లవు. మనుష్యునికి పైనున్నది తల, కప్పకు వీపు గదా! కావున శాస్త్రజ్ఞులు శరీరమునుబట్టియే దిక్కు లేర్పరచిరి: తలవైపు పూర్వాంతము, వెనుకవైపు పరాంతము, వీపు పృష్ఠతలము, పొట్ట ఉదరతలము. తోకకప్ప నోరు ఉదరతలమున నున్నదనిన, అది యెట్లు వ్రేలాడినను సత్యమే.

అయితే పోలిక వేరు, చుట్టరికము వేరు. మట్టి త్రవ్వుకొను కప్పలు వేర్వేరు కుటుంబములవైనను బలిసిన దేహము, పొట్టికాళ్లు గలిగియుండును. అది వృత్తివలన వచ్చిన పోలిక. రాజపాళయపు తెలుగున తమిళపదము లెన్ని చేరినను అది తెనుగుశాఖయే గదా! ఈ ప్రజాతిని 2003లో తొలుత ప్రకటించినపుడు డి.ఎన్.ఏ. పరీక్ష దీని దగ్గరి బంధువులను సముద్రము కావల సెషెల్స్ దీవులలో చూపినది. ఆ రెంటి మూలపురుషులు గోండ్వానా ఖండమున నొక్కటే. పడమటివాలు సహ్యాద్రిజాతి దీనికి తోబుట్టువు. అది నైరృతి ఋతుపవనపు వానలకు, ఇది ఈశాన్యపు వానలకు గ్రుడ్లు పెట్టును. ఒకదాని యేరెండిన రెండవదాని యేరు దానికి పనికిరాదు.