మేడమీది వేధశాల

2023 వ సంవత్సరము ఆగస్టు 23 వ తేదీ సాయంకాలము ఆఱుగంటలు దాటిన నాలుగు నిమిషములకు చంద్రయానము-3 యొక్క విక్రమ్ చంద్రుని దక్షిణ ధ్రువ సమీపమున క్షేమముగా దిగినది. ఆ సమయమున దేశమంతయు టెలివిజనుల యెదుట ఊపిరి బిగబట్టి కూర్చుండియుండెను. దిగినదన్న వార్త వినబడగానే చప్పట్లు మిన్నుముట్టెను. సంతోషింపదగిన విషయమే. కాని ఆ సమయముననే సప్తమి చంద్రుడు ఆకాశమున నిలిచియుండెను. మేఘము లేనిచోటనైనను మేడమీది కెక్కి ఆ చంద్రునివంక ఒక్కమాఱు చూచినవారెందఱు? ఈ ప్రశ్న పరిహాసమునకు గాదు. చూచి, చూచినదానిని గూర్చి ఆలోచించియున్నచో, దిగుటకు ఆ దినమే యేల నిర్ణయింపబడెనో తెలిసియుండెడిది.

చంద్రునిమీద ఒక్క పగలు మన పదునాలుగు దినములకు సమానము. విక్రమునకు గాని, దాని కడుపులోనుండి వెలువడిన ప్రజ్ఞానమునకు గాని సూర్యకాంతియే ఆహారము. రాత్రి వచ్చెనా, అచ్చటి చలికి ఆ యంత్రములు నిలువవు. కావున దిగదలచిన చోట సూర్యోదయమైన వెంటనే దిగినగాని పూర్తి పగలు పనికి దొరకదు. శుక్లపక్షమున వెలుగు చంద్రబింబముపై దినదినమును కొంత కొంత వ్యాపించును గదా. ఆ వెలుగు దిగవలసిన చోటికి ప్రాకిన దినమే ఆ సప్తమి. 2019 సెప్టెంబరు 7 వ తేదీ తెల్లవాఱకమునుపు చంద్రయానము-2 దిగబోయి భగ్నమైనదియు శుక్లపక్షపు నడిమి దినములలోనే. తిథి యనగా సూర్యచంద్రుల నడిమి యెడమే యని యెఱిగినవానికి ఈ లెక్క క్రొత్తది కాదు. పంచాంగము మన చేతిలోనున్నది. చంద్రుడు మన నెత్తిమీద నున్నాడు. రెంటిని కలిపి చూచు అలవాటు మాత్రము మనలను విడిచిపోయినది.

ఆకాశమును పండితులకును ప్రభుత్వోద్యోగులకును అప్పగించి మనము కేవల ప్రేక్షకులమై యుండుట మన పూర్వాచారము కాదు. విశాఖపట్టణమున జమీందారగు గోడే వెంకట జగ్గారావుగారు 1840 ప్రాంతమున స్వంత ద్రవ్యముతో వేధశాలను నిర్మించుకొనిరి. 1856 లో వారు గతించిన పిమ్మట వారి అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు దానిని పాడుపడనీయక నడిపిరి. 1874 డిసెంబరు 9 వ తేదీన శుక్రగ్రహము సూర్యబింబమునకు అడ్డముగా సాగిపోవుటను వారు విశాఖనుండి పరిశీలించి, ఫలితములను లండనులోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీకి పంపిరి. అది వినోదము కాదు. భూమిమీద వేఱువేఱు చోట్లనుండి ఆ ప్రయాణకాలమును కొలిచి పోల్చినచో సూర్యుడెంత దూరమున నున్నాడో తేలును. ఆ మహాగణితమునకు మన తెలుగు జమీందారొకడు తన వంతు అంకెలను చేర్చెను.

అంతకు ఆఱేండ్లకు ముందు, 1868 ఆగస్టు 18 వ తేదీన, సంపూర్ణ సూర్యగ్రహణము గుంటూరు, మచిలీపట్టణములమీదుగా సాగెను. దానిని చూచుటకు ఫ్రాన్సుదేశమునుండి జాన్సెన్ పండితుడు గుంటూరు వచ్చి, సూర్యుని అంచున లేచు జ్వాలల కాంతిని విడదీసి చూచి, గ్రహణము లేకయే ఆ జ్వాలలను చూడగల ఉపాయమును మఱునాడే సాధించెను. నాటి పరిశీలనలలో కానవచ్చిన పసుపువన్నె గీతను వెంబడించియే హీలియము అను మూలపదార్థము సూర్యునిలో నున్నట్లు శాస్త్రజ్ఞులు గుర్తించిరి. భూమిమీద అది 1895 లో గాని చేజిక్కలేదు. గుంటూరు మండలమున నేడు ఈ సంగతి యెఱిగిన వారెందఱు? నీడ మన నేలమీద పడినది. గ్రంథము పరదేశమున వ్రాయబడినది. చూచినవాడే వ్రాయును. చూడనివాడు పరులు వ్రాసినది చదువును.

హైదరాబాదునందును ఇట్టి దాత యుండెను. నవాబు జఫర్ జంగుగారు 1901 లో ఫిసల్‌బండయందు వేధశాలకు పునాది వేసి, పదునైదు అంగుళముల దూరదర్శినిని తెప్పించిరి. 1908 లో అది నిజాం ప్రభుత్వమునకు సంక్రమించి, ప్రపంచమందలి పలు వేధశాలలు పంచుకొని వ్రాసిన నక్షత్ర పట్టికలో తన భాగమును నెఱవేర్చినది.

ఇవన్నియు ధనవంతుల విలాసములని కొందఱందురు. వారికి జసోరు ఖజానాలో చిన్న యుద్యోగియగు రాధాగోవింద చంద్రగారి జీవితమే ప్రత్యుత్తరము. నేడు బంగ్లాదేశములో నున్న ఆ యూర, పగలు కచేరీలో నాణెముల లెక్క చూచుకొని, రాత్రులు మేడపై కూర్చుండి, వెలుగు పెరుగుచు తరుగుచు నుండు నక్షత్రములను ఆయన గమనించెను. కాలక్రమమున ముప్పదియేడువేలకు పైగా పరిశీలనములను వ్రాసి అమెరికాలోని చరకాంతి నక్షత్ర పరిశీలకుల సంఘమునకు పంపెను. ఆ సంఘమువారు ఆయన శ్రద్ధకు మెచ్చి దూరదర్శిని నొకదానిని బహూకరించిరి. ఆ దూరదర్శినియే తరువాత వేణు బాప్పుగారి చేతికి వచ్చినది. బాప్పుగారు నిజామియా వేధశాలలో ఉద్యోగి కుమారుడు, హైదరాబాదున పెరిగినవాడు, తమిళదేశమున కావలూరు వేధశాలను నెలకొల్పినవాడు. ఒక గుమాస్తా వెలిగించిన దీపము ఎంతదూరము పోయినదో పాఠకులు గమనింతురుగాక.

ఇక భూవసతిగల గృహస్థులకు ప్రత్యేకముగా ఒక మనవి. మన కృషీవలుడు రోహిణి, మృగశిర, ఆరుద్ర అని కార్తెలను లెక్కించును. కార్తె యనగా సూర్యుడు ఆ నక్షత్రమునందుండు కాలము. పాలేరు పిల్లలకోడిని చూపి వేళ చెప్పగలడు. పట్టా చదువుకొన్న పుత్రుడు చెప్పలేడు. అయితే కార్తెలు నక్షత్రములను పట్టుకొని నడచునవి, ఋతువులు అయనములను పట్టుకొని నడచునవి. ఈ రెంటికి డెబ్బదియొక్క సంవత్సరములకు సుమారొక దినము చొప్పున ఎడము పెరుగుచున్నది. పెరటిలో నిలువుగా ఒక కఱ్ఱ నాటి మధ్యాహ్నపు నీడను కొలిచి చూడుడు. అన్నిటికంటె పొడవైన నీడ డిసెంబరు 21, 22 తేదీలలో పడును. మకర సంక్రాంతి జనవరి 14, 15 తేదీలలో వచ్చును. ఈ భేదమును గుర్తించుట నాస్తికత్వము కాదు. పూర్వశాస్త్రములలో అయనమొకచోట చెప్పబడియున్నను తన కాలమున వేఱొకచోట నున్నదనియు, ప్రత్యక్షముగా పరీక్షించి తెలిసికొనవలెననియు వరాహమిహిరాచార్యుడు బృహత్సంహితయందే చెప్పియున్నాడు. ఆచార్యుడు కఱ్ఱ పాతి చూడుమనగా, మనము ఆయన పేరు చెప్పి చూచుట మానితిమి. 2019 డిసెంబరు 26 వ తేదీ గ్రహణమునాడు మా వీథిలో తలుపులన్నియు మూయబడియుండెను. వట్టి కంటితో సూర్యుని చూడరాదన్న మాట నిజము. అది కంటికి హాని. కాని తగిన వడపోత గాజుతోనో, అట్టముక్కకు సూదిబెజ్జము పొడిచి తెల్లకాగితముపై బింబమును పడవేసియో చూపగలిగినచో, ఆ వీథిపిల్లలకు ఒక్కనాటిలో ఎంత విద్య యబ్బెడిది!

ఇందు దేశక్షేమము కూడ ఇమిడియున్నది. మన తీరమందలి శ్రీహరికోటనుండి 1979 ఆగస్టు 10 వ తేదీన ఎగసిన మొదటి ఉపగ్రహవాహకము సముద్రమున కూలెను. 1980 జూలై 18 వ తేదీన రెండవది రోహిణిని కక్ష్యలో నిలిపెను. 2023 సెప్టెంబరు 2 వ తేదీన బయలుదేఱిన ఆదిత్య-ఎల్1 పదునైదు లక్షల కిలోమీటర్ల దూరమున నిలిచి సూర్యుని పరీక్షించుటకు పోయినది. ఇవన్నియు ప్రజాధనముతో నడచు కార్యములు. గెలిచిననాడు జేగంట మ్రోగించి, ఓడిననాడు నిందించు ప్రజకు వానిని తూచు శక్తి యుండదు. కక్ష్య యననేమో, తొలి ప్రయత్నమేల తప్పెనో తెలిసిన గ్రామమొకటి యున్నచో, ఆ గ్రామమునుండియే రేపటి శాస్త్రజ్ఞుడు పుట్టును. పుట్టకున్నను, పొగడ్తకును నిజమునకును గల భేదమెఱిగిన పౌరుడు పుట్టును.

దీనికి వేలరూప్యములు అక్కఱలేదు. రెండు కన్నులకు అమర్చుకొను చిన్న బైనాక్యులరు చాలును. దానితో చంద్రునిమీది గుంటలును, గురుని నాలుగు చంద్రులును కానవచ్చును. కావలసినది చీకటి. పట్టణములలో పాలవెల్లి మాయమైనది. వీథిదీపములకు పైమూతలు పెట్టి వెలుగును నేలకే త్రిప్పినచో విద్యుత్తును మిగులును, నక్షత్రములును మిగులును. పురపాలక సంఘములు ఈపని చేయలేనివి గావు. ప్రతి ఉన్నత పాఠశాలకు ఒక్క దూరదర్శినిని సమర్పించుట గ్రామములోని పెద్దలకు భారము గాదు. పెండ్లిపందిళ్లకు వెచ్చించు సొమ్ములో అది యెన్నవవంతు?

జగ్గారావుగారి మేడ వంటి మేడ మనకు లేకపోవచ్చును. చుక్కలు మాత్రము అవియే. నేటి రాత్రి భోజనానంతరము దీపమార్పి, పిల్లలను వెంటబెట్టుకొని మిద్దె యెక్కి, పంచాంగములోని తిథికిని కంటికి కనబడు చంద్రునికిని సరిపోయినదో లేదో చూడుడు. మన వేధశాలకు అదియే పునాదిఱాయి.