మారిషస్‌లో పర్యాటకం, పెట్టుబడులు : తెలుగువారికి గల అవకాశాలు

హిందూ మహాసముద్రంలో, మడగాస్కర్‌కు తూర్పున గల మారిషస్ ద్వీప దేశం తెలుగువారికి పరాయి గడ్డ కాదు. 1834 నుండి చెరకు తోటల కూలీలుగా భారతీయులు అక్కడికి తరలివెళ్ళిరి. కోరంగి రేవు నుండి ఓడలెక్కినందున అక్కడి తెలుగువారికి ‘కోరంగీలు’ అనే పేరు స్థిరపడినది. నేటికీ వారి గుళ్ళలో సింహాద్రి అప్పన్న పూజ, అమ్మోరు పండుగ జరుగుచున్నవి. ఉగాది ఆ దేశంలో ప్రభుత్వ సెలవుదినం. మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో అక్కడనే జరిగినవి. కూలీలు ఓడ దిగిన పోర్ట్ లూయిస్‌లోని ఆప్రవాసీ ఘాట్‌ను యునెస్కో 2006లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించినది. సముద్రతీర విహారానికే పరిమితమయ్యే మన యాత్రికులు ఈ మెట్లను కూడ చూడవలసి ఉన్నది.

పగడపు దిబ్బల నడుమ నిశ్చలంగా ఉండే జలాలు, లె మార్న్ పర్వతం ఆ దేశపు ప్రధాన ఆకర్షణలు. భారతీయ పర్యాటకులు ముందుగా వీసా పొందనవసరం లేదు. అయితే ఈ సంపద ఎంత సున్నితమైనదో 2020లో తెలిసివచ్చినది. జూలైలో వకాషియో అనే నౌక పగడపు దిబ్బపై చిక్కుకొనగా, ఆగస్టులో సుమారు వెయ్యి టన్నుల చమురు సముద్రంలో కలిసినది.

పెట్టుబడుల విషయమై ఒక అపోహ ఇంకను ప్రచారంలో ఉన్నది. మారిషస్ అనగానే పన్ను మినహాయింపు మార్గమని పలువురు తలంచుచున్నారు. 1982 నాటి ద్వంద్వ పన్నుల నివారణ ఒప్పందం ప్రకారం అది కొంతకాలం వాస్తవమే. 2016లో ఒప్పందాన్ని సవరించిన పిదప, 2017 ఏప్రిల్ 1 నుండి కొనుగోలు చేసిన భారతీయ కంపెనీల వాటాల విక్రయ లాభంపై మన దేశం పన్ను విధించుచున్నది. ఈ సంగతి విచారించకుండ పాత సలహాలను నమ్మినవారికి నష్టం తప్పదు.

అసలు అవకాశం సరుకుల వ్యాపారంలో కలదు. 2021 ఏప్రిల్ 1న అమలులోనికి వచ్చిన సమగ్ర ఆర్థిక సహకార ఒప్పందం ద్వారా 310 రకాల భారతీయ ఎగుమతులకు సుంకపు రాయితీ లభించినది. ఆహార పదార్థాలు, వస్త్రాలు వీటిలో చేరియున్నందున చాంద్రాయణగుట్ట, చార్మినార్ ప్రాంతాల చిన్న వ్యాపారులు సైతం దీనిని పరిశీలించవచ్చును. సరుకు మన దేశంలోనే తయారైనదని తెలిపే ధ్రువపత్రం లేనిదే రాయితీ వర్తించదు.

నిర్మాణ రంగంలో మన సంస్థలు ఇప్పటికే అడుగిడినవి. హైదరాబాదు మెట్రోను నిర్మించిన ఎల్ అండ్ టి సంస్థయే మారిషస్ మెట్రోను కూడ నిర్మించినది. అది 2019లో ప్రారంభమైనది. మన పాతనగర మెట్రోకు 2024 మార్చి 8న ఫలక్‌నుమా వద్ద శంకుస్థాపన జరిగినది. పిదప ఆ మార్గాన్ని చాంద్రాయణగుట్ట వరకు ప్రతిపాదించిరి.

విదేశీయులు అక్కడ ఇళ్ళు, స్థలాలు యథేచ్ఛగా కొనుటకు వీలులేదు. ప్రభుత్వం ఆమోదించిన పథకాల ద్వారా మాత్రమే కొనవలెను. పెట్టుబడులకు సంబంధించిన వ్యవహారాలను 2018లో ఏర్పడిన ఆ దేశపు ఎకనామిక్ డెవలప్‌మెంట్ బోర్డు చూచుచున్నది.