వార్తల్లో పదం: ట్రాన్స్ ఫ్యాట్

చలికాలం తెల్లవారేసరికి కొబ్బరినూనె సీసాలోనే పేరుకుపోతుంది. పక్కనున్న వేరుశనగ నూనె మాత్రం జారుతూనే ఉంటుంది. ట్రాన్స్ ఫ్యాట్ కథంతా ఈ తేడాలోనే ఉంది.

నూనైనా నెయ్యైనా నిర్మాణం ఒకటే: ఒక గ్లిజరాల్‌కు అతుక్కున్న మూడు కొవ్వు ఆమ్లాల తోకలు. తోకలోని కార్బన్ల మధ్య అన్నీ ఏకబంధాలే అయితే అది సంతృప్తం. అలాంటి తోకలు చీపురుపుల్లల్లా దగ్గరగా సర్దుకుని గట్టిపడతాయి. కొబ్బరినూనెలో ఇవే ఎక్కువ. మధ్యలో ద్విబంధం పడితే అసంతృప్తం. ప్రకృతిలో అది చాలావరకు ‘సిస్’ రూపంలో ఉంటుంది, అంటే అక్కడ తోక మోచేయిలా వంగుతుంది. వంకర పుల్లలు కట్టకు ఒదగవు కదా!

నికెల్ సాయంతో నూనెకు హైడ్రోజన్ ఎక్కిస్తే ద్విబంధాలు తగ్గి గట్టిపడుతుంది. వనస్పతి పుట్టింది ఇలాగే. ఏ కంపెనీదైనా మన ఇళ్లలో దాని పేరు డాల్డాయే. ఈ పని సగంలో ఆపితేనే చిక్కు: మిగిలిన ద్విబంధాల్లో కొన్ని ‘ట్రాన్స్’ రూపంలోకి తిరుగుతాయి, వంపు పోతుంది. 18 కార్బన్ల ఓలియిక్ ఆమ్లం సుమారు 13 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరుగుతుంది. అవే పరమాణువులున్న దాని ట్రాన్స్ జోడీ ఎలైడిక్ ఆమ్లానికి దాదాపు 45 డిగ్రీలు కావాలి. ఒక్క వంపు చేసే పని అది.

ట్రాన్స్ ఫ్యాట్ చెడు కొలెస్ట్రాల్‌ను పెంచి, మంచిదాన్ని తగ్గిస్తుంది. అందుకే ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2022 జనవరి నుంచి నూనెలు, కొవ్వుల్లో దీన్ని 2 శాతానికి కట్టడి చేసింది.