సూట్‌కేసులో మొక్కా? ఒక్కసారి ఆగండి!

సింగపూర్: బెడోక్‌లో మన తెలుగువాళ్లుండే హెచ్‌డీబీ ఫ్లాట్ల ముందు నడిస్తే, ఏదో ఒక గుమ్మం దగ్గర కరివేపాకు కుండీ కనిపిస్తుంది. పక్కనే తులసి, అదృష్టం బాగుంటే గోంగూర. ఎక్కడిదని అడిగితే చాలామంది ఇక్కడి నర్సరీ పేరు చెబుతారు. కొందరు మాత్రం కాస్త గొంతు తగ్గించి, ‘మా అమ్మ పెరట్లో పిలక. తడిగుడ్డలో చుట్టి తెచ్చా’ అంటారు.

చిక్కంతా ఆ తడిగుడ్డతోనే. భారత్ నుంచి సింగపూర్‌కు మొక్క తేవాలంటే ఇక్కడి నేషనల్ పార్క్స్ బోర్డు అనుమతి, అక్కడి అధికారులిచ్చే మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. ఇక్కడి నుంచి నారో, విత్తనమో ఊరికి తీసుకెళ్లినా అంతే. మన దేశంలో 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రయాణికుల సామానుకూ వర్తిస్తుంది.

‘ఒక్క పిలకకు ఇంత హడావుడా?’ అనిపిస్తుంది. గుంటూరు, వరంగల్, ఖమ్మం మిర్చి రైతునడిగితే అలా అనడు. 2021లో మిరప పూతను మాడ్చేసిన నల్ల తామర పురుగు పుట్టిల్లు మనముంటున్న ఈ ఆగ్నేయాసియానే. మన దేశంలో దాన్ని మొదట గుర్తించింది 2015లో, బెంగళూరులో, బొప్పాయి మీద. ఆరేళ్లు తిరిగేసరికి మిర్చి చేలల్లో పడింది. పొడవు మిల్లీమీటరు మాత్రమే. పూల లోపల దాక్కుని రసం పీలుస్తుంది, గుడ్లను ఆకు కణజాలంలోనే పెడుతుంది. పైనుంచి చూస్తే మొక్క నిగనిగలాడుతూనే ఉంటుంది. మందు మీద మందు కొట్టినా లొంగక, కాపుకొచ్చిన చేలను పీకేసిన రైతులున్నారు. ఊళ్లో మనవాళ్ల పొలాలూ వాటిలో ఉండే ఉంటాయి.

మొక్కజొన్నను తినే కత్తెర పురుగుదీ ఇదే దారి. అమెరికా ఖండాల నుంచి 2016లో ఆఫ్రికాకు, 2018లో కర్ణాటకకు చేరింది. అదే ఏడాది తెలుగు రాష్ట్రాల్లోనూ కనిపించింది. అది రెక్కలున్న జీవి, వందల కిలోమీటర్లు ఎగరగలదు. కానీ పెరటి పిలక మీది పురుగుకు అంత శక్తి అక్కర్లేదు. టికెట్ మనమే కొంటున్నాం.

ఇక మన కరివేపాకు. దాని లేత ఇగుళ్ల మీద పెరిగే సిల్లిడ్ అనే చిన్న పురుగు నిమ్మ, బత్తాయి జాతి చెట్లకు గ్రీనింగ్ తెగులు మోస్తుంది. ఈ తెగులుకు మందు లేదు. ఫ్లోరిడాలో 2005లో బయటపడ్డాక అక్కడి నారింజ దిగుబడి తొంభై శాతానికి పైగా పడిపోయింది. ఆస్ట్రేలియా, అమెరికాల్లోని మన బంధువులకు కరివేపాకు పంపడం అంత కష్టమవడానికి ఒక కారణమిదే. వాళ్ల కస్టమ్స్‌వాళ్లను తిట్టుకునే ముందు ఇది గుర్తుంచుకోవాలి.

మొక్క కావాలంటే ఇక్కడి నర్సరీలోనే కొనుక్కోండి. అమ్మ చేతి రుచి కోసమైతే పచ్చడి, కారప్పొడి తెచ్చుకోవచ్చు. బ్యాగులో మొక్కో విత్తనమో ఉంటే దాచకుండా విమానాశ్రయంలో ముందే చెప్పేయండి.

ఇప్పటికే కుండీ ఉన్నవాళ్లు వారానికోసారి ఇగుళ్లు తిప్పి చూడండి. తెల్లటి మైనపు పోగులు, తోక పైకెత్తి ఏటవాలుగా కూర్చున్న గోధుమరంగు పురుగులు కనిపిస్తే ఆ కొమ్మ కత్తిరించి, కవర్లో బిగించి చెత్తలో పడేయండి. పక్కింటి అక్క ఎంత అడిగినా ఆ చెట్టు పిలక మాత్రం ఇవ్వకండి.