టక్‌టక్ అన్నదల్లా బోరు పోయినట్టు కాదు

పాత పికప్ టక్‌టక్ అన్నదంటే చాలు, గద్వాల నుంచి నాగర్‌కర్నూలు దాకా తీర్పు ఒక్కటే: ‘బోరు పోయింది, ఇంజన్ దించాల్సిందే.’ వనపర్తి మార్కెట్లో పల్లికాయ అమ్మిన డబ్బు పిస్టన్లకు, రింగులకు పోతుంది. మళ్లీ ఎక్కించి స్టార్ట్ చేస్తే అదే టక్‌టక్! పాత ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ గాస్కెట్‌నే తిరిగి బిగిస్తే ఇంకేమవుతుంది?

బోరు అరిగితే నీలి పొగ వస్తుంది, బండి ఆయిల్ తాగుతుంది, డిప్‌స్టిక్ గొట్టంలోంచి పొగ తన్నుతుంది. ఇవేవీ లేకుండా ఒట్టి శబ్దం విని ఇంజన్ విప్పడం వైద్యం కాదు, వ్యాపారం. పొద్దున చల్లటి ఇంజన్‌లో గట్టిగా కొట్టి, కాస్త వేడెక్కాక తగ్గి, లోడుతో మన్ననూరు దాటి నల్లమల ఎక్కేటప్పుడు మళ్లీ పెరిగితే ముందు ఎగ్జాస్ట్ లీకును అనుమానించాలి. వేడికి మానిఫోల్డ్ సాగి సందు మూసుకుంటుంది. దాన్ని చూసి ‘అదే సర్దుకుంది’ అని సంబరపడేవాళ్లున్నారు. మర్నాడు పొద్దున మళ్లీ వినండి.

టాపెట్ శబ్దమని పొరబడటానికీ కారణముంది. ఒక్కో సిలిండర్ పొగ వదిలేది క్రాంక్ రెండు చుట్లకు ఒకసారి. వాల్వు తెరుచుకునేదీ అంతే. లయ ఒకటే. కాకపోతే టాపెట్ మోత హెడ్ కవర్ దగ్గర వినిపిస్తుంది, లోడుతో పెద్దగా మారదు. కింది నుంచి బరువుగా కొడుతూ ఆయిల్ లైటు మినుకుమంటే బేరింగుల సంగతి. బండి అక్కడే ఆపండి.

లీకు పట్టడానికి ఒక టార్చి చాలు. మానిఫోల్డ్ హెడ్‌కు కలిసే చోట, టర్బో ఫ్లాంజ్ దగ్గర నల్లటి మసి చార ఉందా, స్టడ్డు విరిగిందా చూడాలి. ఆరుబయట చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి, మందపాటి గుడ్డతో సైలెన్సర్ మూతిని క్షణం మూస్తే లీకున్న చోట బుస్సుమంటుంది. చేతులు ఫ్యానుకు, బెల్టుకు దూరంగా.

‘పొగ కనబడటం లేదు, వాసనా లేదు’ అంటారు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు. డీజిల్‌లో అది పెట్రోలు కంటే తక్కువ, అంతే. 2005లో వచ్చిన టాటా ఏస్‌లో ఇంజన్ సీటు కిందే. లీకైన పొగ ముందు చేరేది డ్రైవర్‌కే. పత్తి ఏరడానికి కూలీలను వెనక ఎక్కించి (అదే తప్పు, అది వేరే సంగతి) టార్పాలిన్ కప్పితే, వాళ్లకొచ్చే తలనొప్పిని, వికారాన్ని కుదుపుల మీదికి నెట్టేస్తారు.

చిక్కటి ఆయిల్ పోస్తే లీకు మోత తగ్గదు. ఎం-సీల్ మానిఫోల్డ్ వేడికి నిలవదు.

సైలెన్సర్ తీసేస్తే బండి బాగా లాగుతుందన్న మాటలో మాత్రం రవ్వంత నిజముంది, ఒప్పుకోక తప్పదు. లోపల మసితో పూడుకుపోయి ఉంటే లాగుతుంది. అప్పుడు కొత్తది వేయించాలి గానీ, ఉత్త పైపుతో ఊరేగకూడదు. మోటారు వాహనాల చట్టం 190(2) కింద మొదటిసారికే రూ.10,000 దాకా జరిమానా పడొచ్చు. పైగా టర్బోకు ముందే లీకుంటే దాన్ని తిప్పాల్సిన గ్యాసు దారిలోనే పోయి లాగుడు తగ్గుతుంది.

గాస్కెట్ మార్పించేటప్పుడు మానిఫోల్డ్ వంగిందేమో స్కేలు పెట్టి చూడమనండి. స్టడ్లు చల్లారాకే విప్పాలి, మధ్య నుంచి అంచులకు బిగించాలి. బోరేనని ఎవరైనా పట్టుబడితే ముందు కంప్రెషన్ టెస్టు చేయమనండి. గేజీ లేని షెడ్డులో ఇంజన్ దించనివ్వకండి.