చాప పక్కన కుక్క – ఆనందం, జాగ్రత్త

2008లో విమానాశ్రయం వచ్చాక శంషాబాద్ రోడ్లపై రద్దీ బాగా పెరిగింది. బెంగళూరు రహదారి దాటి ఉదయం నడకకు వెళ్లలేని పెద్దలు కొందరు ఇంట్లోనే యోగాసనాలు వేసుకుంటున్నారు. ఇది మంచి అలవాటే.

మా ఓపీకి వచ్చే ఒక తల్లికి అరవై దాటాయి. బీపీ, మోకాళ్ల నొప్పులు ఉన్నాయి. పిల్లలు దూరాన ఉంటారు. ఆమె చాప పరిస్తే చాలు, పెంపుడు కుక్క పక్కకు వచ్చి ముందుకాళ్లు చాచి ఒళ్లు విరుచుకునేదట. "అది లేపకపోతే నేను లేవను సిస్టర్" అని నవ్వేవారు. ఆసనాల్లో అధోముఖ శ్వానాసనానికి ఆ పేరు కుక్క ఒళ్లు విరుచుకునే తీరును బట్టే వచ్చింది.

ఒకరోజు ఆటలో కుక్క గోరు గీరుకుని ఆమె చేతికి రక్తం వచ్చింది. "మన కుక్కే కదా" అని పసుపు అద్ది ఊరుకున్నారు. మూడు రోజుల తరువాత బీపీ చూస్తుండగా గాయం మా కంట పడింది. కుక్కకు టీకా చిన్నప్పుడు ఒక్కసారే వేయించారట. ఇన్నాళ్లూ దాని కబుర్లు వింటూ నవ్వుకున్నామే గాని, టీకా సంగతి మేమూ అడగలేదు. వెంటనే డాక్టరుగారికి చూపించి చికిత్స మొదలుపెట్టాం. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక ప్రాణం దక్కడం దాదాపు అసాధ్యం. ముందే టీకా వేయించుకుంటే నివారించవచ్చు.

కనుక ఇవి గుర్తుంచుకోండి:

1. భోజనం చేసిన మూడు గంటల తరువాతే ఆసనాలు వేయండి. బీపీ, గ్లాకోమా ఉన్నవారు, గర్భిణులు డాక్టరును అడగకుండా తల కిందికి వంచే ఆసనాలు వేయరాదు.

2. నిలబడి వేసే ఆసనాలప్పుడు కుక్కను దూరంగా ఉంచండి. కాళ్లకు అడ్డం వస్తే పడిపోతారు. పక్కన గోడ గాని, కుర్చీ గాని ఆసరాగా ఉండాలి.

3. కుక్కకు మూడు నెలల వయస్సులో రేబిస్ టీకా, తరువాత పశువైద్యుడు చెప్పిన ప్రకారం ఏటా వేయించండి. నులిపురుగుల మందు తాగించండి, గోళ్లు కత్తిరించండి. చాపను తరచుగా ఉతికి ఎండలో ఆరవేయండి.

4. కరిచినా, గీరినా ధారగా పడే నీటితో, సబ్బుతో 15 నిమిషాలు కడగండి. పసుపు, కారం, సున్నం పెట్టవద్దు. అదే రోజు ఆసుపత్రికి రండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ టీకా ఉచితం. డోసులన్నీ పూర్తి చేయండి.

ఆ తల్లి డోసులన్నీ పూర్తి చేసుకున్నారు. కుక్కకూ వేయించి, దాని టీకా కార్డు తెచ్చి మాకు చూపించారు. మీ ఇంటి కుక్క కార్డు ఎక్కడుందో ఈ సాయంత్రమే వెతికి చూడండి.